స్టీల్ ఒకటే, బలం గీతను బట్టి

316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేటు శాశ్వతంగా సాగిపోకుండా కనీసం 170 మెగాపాస్కల్స్ ఒత్తిడిని తట్టుకోవాలన్నది అమెరికన్ ప్రమాణం. 2017లో లారెన్స్ లివర్‌మోర్ లేబొరేటరీ బృందం అదే స్టీల్‌ని త్రీడీ ప్రింటర్‌లో చేసి, అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ బలం చూపించింది. సాగే గుణమూ పోలేదు. అప్పటినుంచి 'ప్రింట్ చేస్తే స్టీల్ గట్టిపడుతుంది' అనేవాళ్ళు ఎక్కువయ్యారు. అది సగం నిజమే. మిగతా సగం, లోహపు పొడిని కరిగించే లేజర్ ఏ దారిన నడిచిందన్నది.

1980లలో టెక్సాస్ యూనివర్సిటీ విద్యార్థి కార్ల్ డెకార్డ్ లేజర్‌తో పొడిని అతికించి వస్తువులు చేశాడు. 1990ల మధ్యలో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ ఇన్‌స్టిట్యూట్ లోహపు పొడిని పూర్తిగా కరిగించే పద్ధతి తెచ్చింది. కొత్త తలనొప్పి కూడా దాంతోనే వచ్చింది.

పొడిని పొరగా పరిచి కరిగిస్తారు, దాని మీద మళ్ళీ పొర పరుస్తారు. ఒక్కో పొర మందం వెంట్రుకంత కూడా ఉండదు. దాని మీద లేజర్ గీత పక్కన గీత గీస్తూ పోతుంది. చల్లారేటప్పుడు ప్రతి గీతా కుంచించుకుపోతుంది. గీతలన్నీ ఒకే దిక్కున ఉంటే ఆ లాగుడంతా ఒకే వైపు పోగుపడి, ముక్క మూలలు పైకి లేస్తాయి. మన రైతులు సాలు, ఇరువాలు దున్నినట్టు ఇక్కడా పొరపొరకీ దిశ మార్చడం మొదలైంది. 90 డిగ్రీలు తిప్పితే మూడో పొరకే పాత దిశ వచ్చేస్తుంది. 67 డిగ్రీలు తిప్పితే 180 పొరలదాకా రాదు. అందుకే ఆ వింత అంకె స్థిరపడింది. పొరను చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒకచోటినుంచి ఇంకోచోటికి దూకుతూ కరిగించే పద్ధతీ వచ్చింది.

బలం వచ్చేది వేగంగా చల్లారడం వల్ల. లోపల మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్న అరలు ఏర్పడతాయి, వాటి గోడలు లోహం జారకుండా అడ్డుపడతాయి. కానీ గీతల మధ్య ఎడం పెరిగినా, లేజర్ మరీ వేగంగా పోయినా కరగని పొడి పొరల మధ్య పల్చటి ఖాళీగా మిగులుతుంది. పక్కకి లాగితే దాని ప్రభావం తక్కువ. పొరలను విడదీసేలా పైకి లాగితే అక్కడే నోరు తెరుచుకుంటుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ లోపమే. బయటికి ఏమీ కనిపించదు.

2021లో ఆమ్‌స్టర్‌డామ్ కాలువ మీద తెరిచిన స్టెయిన్‌లెస్ స్టీల్ వంతెనను రోబోలు వెల్డింగ్ తీగతో పొరలుగా పోసి కట్టాయి. అందుకోసం లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు ఆ లోహాన్ని వేర్వేరు దిశల్లో కోసి లాగి చూశారు. 45 డిగ్రీల వాలులో కోసిన ముక్కలు మిగతావాటికన్నా బిగువుగా నిలిచాయి. అదే తీగ, అదే రోబో.

పరీక్ష ముక్క ఏ దిశలో ప్రింటయిందో చెప్పే పద్ధతికి 2013లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అయినా దిశ రాయకుండా ఒక్క బలం అంకెతో సరిపెట్టే రిపోర్టును నేను నమ్మను.