ఎండాకాలంలో సక్యులెంట్లు: ఎండ కన్నా నీళ్లతోనే ఎక్కువ పోతున్నాయి

సక్యులెంట్లంటే దళసరి ఆకుల్లో, కాండాల్లో నీరు దాచుకునే ఎచెవేరియా, జేడ్ లాంటి మొక్కలు. ఏప్రిల్ రాగానే వాటి గురించి మా నర్సరీకి ఫోన్లు మొదలవుతాయి. చలికాలంలో నెక్లెస్ రోడ్ మేళాలో ముచ్చటపడి కొనుక్కున్న ఎచెవేరియా మెత్తబడిపోయిందనో, జేడ్ ఆకులు రాలుతున్నాయనో. ఎండదెబ్బే అనుకుంటారు. కుండీ తెమ్మని చూస్తే చాలాసార్లు మట్టి తడితడిగా, వేర్లు నల్లగా ఉంటాయి.

అపోహ: ఎండలు ముదిరాక రోజూ నీళ్లు పోయాలి.

వాస్తవం: మల్లెకు, తులసికి పోయండి. వీటి లెక్క వేరు. ఆకుల మీది సూక్ష్మరంధ్రాలను ఇవి పగలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటాయి. పగటి వేడికి ఒంట్లో నీరు ఆవిరి కాకుండా అలా కాపాడుకుంటాయి. అందుకే రాత్రి చల్లబడితేనే వాటి పని సజావుగా సాగుతుంది. ఎచెవేరియాల్లో ఎక్కువ భాగం మెక్సికో కొండ ప్రాంతాలవి, అక్కడ రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. మన హైదరాబాద్‌లో మే నెల రాత్రి కూడా 26, 27 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పై అంతస్తు ఫ్లాటైతే శ్లాబు వేడి తోడవుతుంది. దాంతో మొక్క ఎదుగుదల ఆపేస్తుంది, వేర్లు నీళ్లు పెద్దగా పీల్చవు. ఆ నీళ్లు వేడి మట్టిలో నిలిచిపోతే కుళ్లు పట్టక మానదు.

వారానికి ఇన్నిసార్లు అని నన్ను అడగొద్దు, మట్టినే అడగండి. చీపురుపుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. మట్టి అంటుకోకుండా పొడిగా వస్తే ఇంకో రెండు మూడు రోజులు ఆగి, సాయంత్రం చల్లబడ్డాక అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. కింద ప్లేటులో నిలిచిన నీళ్లు పారబోయండి.

ఆకు కూడా చెబుతుంది. దాహమైతే కింది ఆకులు పలచబడి ముడతలు పడతాయి. నీళ్లెక్కువైతే ఆకు పసుపెక్కి, లోపల నీరు నిండినట్టు గాజులా కనిపించి, వేలు తగిలితేనే ఊడిపోతుంది. ఇక మట్టి తడిగా ఉండి కూడా ఆకులు ముడతలు పడ్డాయంటే వేర్లు పోయినట్టే. అక్కడే చాలామంది మళ్లీ నీళ్లు పోసేస్తారు, దయచేసి పోయకండి. మొక్కను బయటికి తీసి, కుళ్లిందంతా శుభ్రమైన కత్తితో కోసేసి, నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి పొడి మట్టిలో పెట్టండి.

అపోహ: ఎడారి మొక్కే కదా, ఎంత ఎండైనా తట్టుకుంటుంది.

వాస్తవం: సక్యులెంట్లన్నీ ఎడారివి కావు. హవోర్తియా తన సొంతగడ్డ దక్షిణాఫ్రికాలో పొదల కింద, రాళ్ల సందుల్లో బతుకుతుంది. ఇంట్లో పెరిగిన మొక్కను మే నెలలో ఒక్కసారిగా బాల్కనీలో పెడితే ఆకులు కాలతాయి, ఆ మచ్చలు మళ్లీ పోవు. పడమటి కిటికీ అద్దం పక్కనా అంతే. తూర్పు వైపు మార్చండి, కుదరకపోతే పలచటి కర్టెన్ వేయండి. అలాగని చీకటి గదిలోకి తోసేస్తే కాండం సాగి, వెలుతురు కోసం పక్కకు ఒరిగిపోతుంది.

అపోహ: ఆకుల మీద నీళ్లు స్ప్రే చేస్తే చల్లగా ఉంటుంది.

వాస్తవం: ఆకుల మధ్య నీళ్లు నిలిచి నడిబొడ్డు కుళ్లుతుంది. కూలర్ గాలికి ఎదురుగా పెట్టడం కూడా మంచిది కాదు. ఆ తేమకు మట్టి త్వరగా ఆరదు.

అపోహ: సక్యులెంట్లన్నిటికీ ఇదే పద్ధతి.

వాస్తవం: ఎడారి గులాబీ అని పిలిచే అడీనియంకు ఎండాకాలమే పండగ. వేడికి బాగా ఎదిగి పూస్తుంది. దాన్ని ఎండలోనే ఉంచి, పైమట్టి ఆరగానే నీళ్లు పోయండి.

అపోహ: డల్‌గా ఉంటే ఎరువు వేయాలి, కుండీ మార్చాలి.

వాస్తవం: నిద్రలో ఉన్న మొక్కకు ఎరువు అక్కరలేదు. వేరు కుళ్లితే తప్ప ఇప్పుడు కుండీ కదపొద్దు. ఆ పని అక్టోబరులో చేయండి. అప్పుడు ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) తగ్గించి సగానికి సగం పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ, ఇటుక ముక్కలు గానీ కలపండి. ఈలోపు ఆకుల సందుల్లో దూదిలాంటి తెల్లటి పిండినల్లి పురుగు ఉందేమో చూడండి. కనిపిస్తే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసి, ఆ కుండీని కొన్నాళ్లు మిగతావాటికి దూరంగా పెట్టండి.