ఇండ్ ఏఎస్‌లోకి మారే కంపెనీలు: అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ రైస్ మిల్లు కంపెనీ అయినా, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోని మందుల యూనిట్ అయినా, పాత అకౌంటింగ్ స్టాండర్డ్స్ వదిలి, అంతర్జాతీయ ప్రమాణాలకు దగ్గరగా ఉండే ఇండియన్ అకౌంటింగ్ స్టాండర్డ్స్, అంటే ఇండ్ ఏఎస్‌లోకి మారాలనగానే అకౌంట్స్ గదిలో వినిపించే మాటలు దాదాపు ఇవే.

అపోహ: టర్నోవర్ 500 కోట్లు దాటితే మారక తప్పదు.

టర్నోవర్‌తో దీనికి సంబంధం లేదు. చూసేది నెట్ వర్త్ (స్థూలంగా, అప్పులు పోను మిగిలే వాటాదారుల సొమ్ము), అదీ కంపెనీ విడి లెక్కల్లోది, గ్రూపు లెక్కల్లోది కాదు. 2015 నిబంధనల ప్రకారం నెట్ వర్త్ 500 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుంచి, 250 కోట్ల నుంచి 500 కోట్ల లోపు ఉన్నవాటికి 2017 ఏప్రిల్ 1 నుంచి ఇవి వర్తిస్తున్నాయి. లిస్టెడ్ కంపెనీ అయితే నెట్ వర్త్ ఎంతున్నా మారాల్సిందే. ఎస్ఎంఈ ఎక్స్ఛేంజీలో (చిన్న, మధ్యతరహా కంపెనీల షేర్ల మార్కెట్లో) మాత్రమే లిస్టయినవాటికి మినహాయింపు ఉంది. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలది (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలది) వేరే దారి.

కాబట్టి ధాన్యం మీద 600 కోట్ల టర్నోవర్ చేసే మిల్లుకు నెట్ వర్త్ 40 కోట్లే ఉంటే దానికి పాత పద్ధతే. అదే మిల్లులో ఇండ్ ఏఎస్ పాటించే ఒక లిస్టెడ్ కంపెనీ 51 శాతం వాటా కొన్నదంటే, మిల్లు కూడా మారాలి. నెట్ వర్త్ లెక్కలో చెల్లించిన మూలధనం, లాభాల నుంచి వచ్చిన రిజర్వులు, సెక్యూరిటీస్ ప్రీమియం (షేర్ల ముఖవిలువ మీద అదనంగా వసూలైన సొమ్ము) కలపాలి, పేరుకున్న నష్టాలు తీసేయాలి. ఆస్తుల విలువ పెంచి రాసినందువల్ల వచ్చిన రీవాల్యుయేషన్ రిజర్వు కలపకూడదు. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఒకసారి మారాక నెట్ వర్త్ పడిపోయినా మళ్లీ వెనక్కి వెళ్లే వీలు లేదు.

అపోహ: ఏడాది చివర్లో ఆడిటర్ వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

అప్పటికి పుణ్యకాలం గడిచిపోతుంది. 2025 మార్చి 31న నెట్ వర్త్ మొదటిసారి 250 కోట్లు దాటిందనుకుందాం. 2025-26 లెక్కలు ఇండ్ ఏఎస్‌లో ఇవ్వాలి. వాటి పక్కన 2024-25 అంకెలు కూడా అదే పద్ధతిలో చూపాలి. అంటే మార్పు తేదీ 2024 ఏప్రిల్ 1. గీత దాటామని తెలిసేనాటికే ఆ తేదీ ఏడాది వెనకబడి ఉంటుంది! మొదటిసారి మారేవాళ్ల కోసం ఉన్న ఇండ్ ఏఎస్ 101 ప్రకారం మూడు బ్యాలెన్స్ షీట్లు కావాలి: 2024 ఏప్రిల్ 1, 2025 మార్చి 31, 2026 మార్చి 31 నాటివి. నెట్ వర్త్ 200 కోట్లకు చేరినప్పుడే పని మొదలుపెట్టమని చెప్పేది అందుకే.

ఆలస్యమైతే ఇంకో ప్రమాదం ఉంది. పాత తేదీ అంచనాల్లోకి ఇవాళ తెలిసిన సంగతులు చొరబడతాయి. 2025 జూన్‌లో ఒక డీలరు దివాలా తీశాడని, అతని బాకీని 2024 ఏప్రిల్ 1 నాటికే మునిగిన బాకీగా చూపడం కుదరదు. ఆ రోజుకు చేతిలో ఉన్న సమాచారంతోనే అంచనా వేయాలి. అయితే పాత లెక్కల్లో నిజంగానే తప్పు బయటపడితే దాన్ని పద్ధతి మార్పులో కలిపేయకుండా విడిగా చూపాలి.

అపోహ: నగదు ఏమీ మారదు కదా, బ్యాంకుకు చెప్పే పనేముంది?

నగదు మారదు, నిష్పత్తులు మారతాయి. గోదాము అద్దె ఏడాదికి 12 లక్షలు, ఇంకా 5 ఏళ్ల ఒప్పందం ఉంది, అద్దె ఏటా చివర్లో కడతారు, అప్పు రేటు 10 శాతం అనుకోండి. అద్దె ఒప్పందాలకు వర్తించే ఇండ్ ఏఎస్ 116 ప్రకారం, రాబోయే అద్దెలను ఇవాళ్టి విలువకు తగ్గించి లెక్కిస్తే, దాదాపు 45.49 లక్షల అప్పు, అంతే విలువైన వినియోగ హక్కు ఆస్తి (గోదాము వాడుకునే హక్కు) బ్యాలెన్స్ షీట్‌లోకి వస్తాయి. మొదటి ఏడాది తరుగుదల 9.10 లక్షలు, వడ్డీ 4.55 లక్షలు, మొత్తం 13.65 లక్షల ఖర్చు. చివరి ఏడాదికి అది 10.19 లక్షలకు దిగుతుంది. ఐదేళ్లకూ కలిపితే అదే 60 లక్షలు. కానీ అప్పు-ఈక్విటీ నిష్పత్తి మొదటి రోజే పెరుగుతుంది. గడువుకు తప్పనిసరిగా తిరిగి చెల్లించాల్సిన ప్రిఫరెన్స్ షేర్లు ఉంటే అవీ సాధారణంగా మూలధనంలోంచి అప్పులోకి వెళ్తాయి. లోన్ ఒప్పందంలోని నిష్పత్తుల షరతును ముందే బ్యాంకుతో మాట్లాడి సవరించుకోకపోతే, ఒక్క వాయిదా కూడా తప్పని కంపెనీ షరతు ఉల్లంఘించినట్టు తేలుతుంది.

ప్రమోటర్ వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పుదీ ఇదే తీరు. కోటి రూపాయలు 5 ఏళ్ల తర్వాత తిరిగివ్వాలంటే, 10 శాతం రేటుతో ఇవాళ్టి విలువకు తగ్గించి అప్పుగా చూపేది 62.09 లక్షలే. మిగిలిన 37.91 లక్షలు ప్రమోటర్ ఇచ్చిన మూలధనం కింద ఈక్విటీలోకి పోతుంది. ఆపై ఏటా వడ్డీ ఖర్చు రాయాలి, మొదటి ఏడాది 6.21 లక్షలు. అదే అప్పు అడిగినప్పుడు ఇవ్వాల్సిందైతే కోటికి కోటే చూపాలి. ఒప్పందంలో ఒక్క వాక్యం ఇంత తేడా తెస్తుంది. అసలు ఒప్పందమే రాసుకోని కంపెనీలు చాలా ఉన్నాయి, అదే అన్నిటికన్నా పెద్ద చిక్కు.

అపోహ: భూమి విలువ పెంచి చూపి, ఆ లాభంతో డివిడెండ్ ఇవ్వొచ్చు.

మార్పు తేదీన మార్కెట్ విలువనే ఖరీదుగా తీసుకునే వీలుంది, తేడా నేరుగా రిజర్వుల్లోకి వెళ్తుంది. కానీ కంపెనీల చట్టం ప్రకారం అలాంటి కాగితపు లాభాన్ని డివిడెండ్‌కు లెక్కలోకి తీసుకోకూడదు. భవనాలకు, మిషన్లకు విలువ పెంచితే ఏటా తరుగుదల పెరిగి లాభం తగ్గుతుంది. పాత పుస్తక విలువనే కొనసాగించే వెసులుబాటు కూడా ఉంది, చాలా కంపెనీలకు అదే మేలు. అయితే దాన్ని భూమి, భవనాలు, మిషన్ల వంటి స్థిరాస్తులన్నిటికీ వర్తింపజేయాలి, నచ్చిన వాటికే కాదు.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో కొత్త లెడ్జర్లు తెరిస్తే పని అయిపోతుంది.

లెడ్జర్లు ఆఖరి పని. ముందు బీరువాలోంచి తీయాల్సినవి: అద్దె ఒప్పందాలు, లోన్ మంజూరు పత్రాలు, ప్రాసెసింగ్ ఫీజు రసీదులు, వడ్డీ రాని డిపాజిట్ల కాగితాలు, డీలర్లకు పంపిన డిస్కౌంటు సర్క్యులర్లు, బాకీలు ఎన్ని రోజుల్లో వసూలయ్యాయో చూపే కనీసం మూడేళ్ల పట్టిక. చివరి పట్టిక లేకుండా ఇండ్ ఏఎస్ 109 అడిగే, బాకీల్లో ఎంత మునగొచ్చన్న నష్ట అంచనా వేయలేరు. 180 రోజులు దాటితే ఇంత శాతం అని గాలిలో రాస్తే ఆడిటర్ మొదట పట్టుకునేది దాన్నే.