బళ్లారి ఖనిజం, బెంగళూరు కుర్చీ

ఓబుళాపురం కేసులో 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు గాలి జనార్దన్ రెడ్డికి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. తెలుగు చానళ్లకు అది ఆంధ్ర మైనింగ్ కేసు. కానీ 2009లో కర్ణాటక అసెంబ్లీ ఉండే విధానసౌధలో ఒక ముఖ్యమంత్రి కుర్చీని కుదిపేసింది కూడా ఈయనే. బెంగళూరులో తెలుగు, కన్నడ పేపర్లు రెండూ చదివేవాళ్లకు ఈ రెండు ముక్కలూ తెలుసు. విడివిడిగా చూస్తే మాత్రం ఏదీ పూర్తిగా అర్థం కాదు.

తండ్రి బళ్లారిలో పోలీసు కానిస్టేబుల్. ఇంట్లో తెలుగే. గనులకు ముందు జనార్దన్ రెడ్డి ఫైనాన్స్ కంపెనీ నడిపారు. 1999లో బళ్లారి లోక్‌సభ సీటుకు సోనియా గాంధీ మీద సుష్మా స్వరాజ్ పోటీకి దిగడంతో ఆయన దశ తిరిగింది. సుష్మ ఓడిపోయారు. ఆమె వెంట తిరిగిన రెడ్డి సోదరులు, వాళ్ల సన్నిహితుడు శ్రీరాములు మాత్రం బీజేపీలో నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వరలక్ష్మీ వ్రతానికి ఆమె బళ్లారి వచ్చేవారు.

డబ్బు సంగతికొస్తే, చైనా ఉక్కు ఫ్యాక్టరీలు ఎంత ఇనుప ఖనిజం పంపినా కొంటున్న రోజులవి. 2003లో కర్ణాటకలో ఎస్.ఎం. కృష్ణ ప్రభుత్వం 11,620 చదరపు కిలోమీటర్ల భూమిని ప్రైవేటు మైనింగ్‌కు తెరిచింది. అప్పట్లో టన్నుకు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మేలురకం ఖనిజానికైనా 27 రూపాయలే. మార్కెట్లో అదే టన్ను వేలల్లో అమ్ముడుపోయేది. రాయల్టీని ధరలో 10 శాతంగా మార్చింది 2009 ఆగస్టులో. అప్పటికే లాభపడాల్సినవాళ్లు లాభపడ్డారు. నా ఉద్దేశంలో అసలు తప్పు ఇక్కడే మొదలైంది. వ్యక్తులు తర్వాత వచ్చారు.

జనార్దన్ రెడ్డి ఓబుళాపురం మైనింగ్ కంపెనీ గనులున్న ఓబుళాపురం అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో ఉంది. పక్కనే కర్ణాటక. హద్దు గుర్తులను చెరిపేసి అటువైపు అడవిలో కూడా తవ్వారన్నది ఆరోపణ. ఆ హద్దు మీదున్న సుగ్గులమ్మ గుడిని 2006లో కూల్చేశారు. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ కంపెనీకి మరిన్ని లీజులిచ్చింది. ఆ ఖనిజాన్ని కడప జిల్లాలో కట్టబోయే బ్రహ్మణి స్టీల్స్‌కే వాడాలన్న షరతును జీవోలోంచి తప్పించారని సీబీఐ అభియోగం. కర్ణాటకలో నిలదీసినప్పుడల్లా జనార్దన్ రెడ్డి ఒకటే జవాబు చెప్పేవారు: నా గని ఆంధ్రలో ఉంది. రెండు రాష్ట్రాల మధ్య గని ఉన్నవాడికి అంతకన్నా అనువైన జవాబు ఏముంటుంది!

2008 కర్ణాటక అసెంబ్లీ ఎన్నికల్లో 224 సీట్లలో బీజేపీకి 110 వచ్చాయి. మెజారిటీకి మూడు తక్కువ. ఆ లోటును ఇండిపెండెంట్లతో పూడ్చడంలో బళ్లారి రెడ్డి సోదరులే ముందున్నారు. ప్రతిఫలంగా జనార్దన్ రెడ్డికి టూరిజం, ఆయన అన్న కరుణాకర రెడ్డికి రెవెన్యూ, శ్రీరాములుకు ఆరోగ్యం. మర్నాటి నుంచే ఆ మూడు సీట్ల అప్పు ముఖ్యమంత్రి యడియూరప్ప నెత్తిన కూర్చుంది. 2009 అక్టోబరు వరదల తర్వాత ఖనిజం లారీకి వెయ్యి రూపాయల చొప్పున వసూలు చేయాలని ఆయన అనుకున్నారు. అంతే, గొడవ రాజుకుంది. రెడ్డి సోదరులు తమ వైపు ఎమ్మెల్యేలను హైదరాబాద్ తీసుకెళ్లి పెట్టుకున్నారు. టీవీ కెమెరాల ముందు ముఖ్యమంత్రి కంటతడి పెట్టారు. చివరకు తన మంత్రివర్గంలోని శోభా కరంద్లాజేను వదులుకుని కుర్చీ నిలబెట్టుకున్నారు. కర్ణాటకలో ఖనిజానికి ఎంత బలముందో జనం కళ్లారా చూసింది అప్పుడే.

మరుసటి ఏడాది అక్రమ మైనింగ్‌కు వ్యతిరేకంగా బెంగళూరు నుంచి బళ్లారికి ప్రతిపక్ష నేత సిద్ధరామయ్య పాదయాత్ర చేశారు. దారిలో పోగైన పేరు 2013లో ఆయనకు ముఖ్యమంత్రి పదవి దాకా పనికొచ్చింది. ఈలోగా 2011 జులైలో అక్రమ మైనింగ్‌పై కర్ణాటక అవినీతి విచారణ సంస్థ లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక వచ్చింది. ఖజానాకు నష్టం 16,085 కోట్లని లెక్క తేల్చింది. ఆ నెలాఖరుకు సుప్రీంకోర్టు బళ్లారిలో మైనింగ్ ఆపేసింది, యడియూరప్ప రాజీనామా చేశారు. సెప్టెంబరు 5న సీబీఐ జనార్దన్ రెడ్డిని బళ్లారిలో అరెస్టు చేసి హైదరాబాద్ తీసుకెళ్లింది.

2015 జనవరిలో బెయిలొచ్చింది, బళ్లారిలో అడుగుపెట్టకూడదన్న షరతుతో. 2016 నవంబరులో, నోట్ల రద్దైన వారానికే, కూతురి పెళ్లిని బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో హంపీ సెట్టింగులతో చేశారు. ఏటీఎం క్యూల్లో నిలబడ్డ నగరం ఆ సెట్టింగులను టీవీలో చూసింది. 2022 డిసెంబరులో సొంత పార్టీ పెట్టి, మరుసటి ఏడాది కొప్పళ జిల్లా గంగావతి నుంచి గెలిచారు. 2024 మార్చిలో మళ్లీ బీజేపీలో చేరారు.

యడియూరప్పను మైనింగ్ ముడుపుల కేసులో బెంగళూరు సీబీఐ కోర్టు 2016లోనే నిర్దోషిగా వదిలేసింది. ఓబుళాపురం కేసులో మాజీ మంత్రి సబితా ఇంద్రారెడ్డి కూడా నిర్దోషిగా బయటపడ్డారు. శిక్ష పడ్డ జనార్దన్ రెడ్డి ఎమ్మెల్యే పదవి పోయింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు శిక్షను నిలిపివేయడంతో అదీ తిరిగొచ్చింది.