అద్దంలాంటి నీళ్లను నమ్మకండి: పారావింగ్ అపోహలు - వాస్తవాలు

మే నెల వచ్చిందంటే పొద్దున్నే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మైపాడులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. కొత్త పారావింగ్ వచ్చింది, దిగనా?" పారావింగ్ అంటే తాళ్లతో చేత్తో పట్టుకునే చిన్న గుడ్డ తెరచాప. దాని లాగుడుతో బోర్డు మీద నిలబడి నీళ్లపై సాగుతాం. గాలి ఎటు నుంచి అని అడుగుతాను. పడమర అంటారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

అపోహ: నీళ్లు చదునుగా ఉన్న రోజే నేర్చుకోవడానికి మంచి రోజు.

వాస్తవం: మన తీరంలో నీళ్లను అలా చదును చేసేది నేల మీదుగా వచ్చే పడమటి గాలి. అది మిమ్మల్ని బంగాళాఖాతంలోకి తోస్తుంది, వెనక్కి తేదు. పైగా ఒడ్డు వెంట సరుగుడు తోటలు. చెట్ల ఎత్తుకు పదింతలు, అంతకు మించిన దూరం దాకా గాలి చిందరవందరగా ఉంటుంది. ఒక క్షణం గాలి వేగం ఏడు నాట్లు (గంటకు దాదాపు 13 కిలోమీటర్లు), మరుక్షణం పద్నాలుగు. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. తోటల చాటు దాటాక తగిలేదే అసలు గాలి. ఒడ్డున నిలబడినవారికి దాని బలం అంతుపట్టదు.

ఇలాగే చేత్తో పట్టుకునే, గాలి నింపిన వింగ్ అయితే నీళ్లలో తేలుతుంది, కాసేపు ఆసరా అవుతుంది. పారావింగ్‌లో గాలి తిత్తులు ఉండవు. ఒంటిపొర గుడ్డ, సన్నటి తాళ్లు, అంతే. తడిసి తాళ్లు చుట్టుకుపోతే దాన్ని మళ్లీ లేపడం కొత్తవారి వల్ల కాదు.

నా వల్లా కాలేదు. ఏళ్లుగా వింగ్ తిప్పిన పొగరుతో ఒక జూన్ ఉదయం దిగాను. తోటల చాటున్నంతసేపు హాయిగా సాగింది. తర్వాత ఒక్క విసురుకు వెల్లకిలా పడ్డాను. తాళ్లు మాస్టుకు, అంటే బోర్డు కింద నీళ్లలో ఉండే నిలువు కడ్డీకి, చుట్టుకున్నాయి. ఒకటి చూపుడు వేలును కోస్తోంది. వాటిని విడదీసి తల ఎత్తేసరికి సరుగుడు తోట పచ్చటి గీతలా మిగిలింది. వల తీసి వస్తున్న ఫైబర్ పడవాయన నన్ను ఎక్కించుకుని, తడి గుడ్డ మూట వైపు చూసి, "గొడుగా అబ్బయ్యా?" అన్నాడు. డీజిలు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

కాబట్టి సముద్రపు గాలి కోసం ఆగండి. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు అది మధ్యాహ్నం దాటాక గానీ రాదు. ఆగ్నేయం నుంచి ఏటవాలుగా తగులుతుంది, అలలు లేపుతుంది, బోర్డుతో అలలు దాటడం నిజంగానే కష్టం. కానీ పడితే మిమ్మల్ని ఇసుక మీదికే చేరుస్తుంది.

అపోహ: విసురు గాలికి పెద్ద సైజు పారావింగ్ కావాలి.

గాలి పడిపోయినప్పుడు నిలబెట్టాల్సింది ఫాయిల్, అంటే మాస్టు చివర ఉండి బోర్డును నీళ్లపైకి లేపే రెక్కలు. వాటిలో ముందువైపు రెక్క పెద్దది వేసుకోండి, గుడ్డ కాదు.

అపోహ: వింగ్ నడపడం వచ్చినవారికి ఇది ఒక్క పూట పని.

2024లో మార్కెట్లోకి వచ్చిన సరుకు ఇది. వచ్చీ రాగానే అందరూ గురువులైపోయారు! ముందువైపు తాళ్లు పట్టి లాగి గుడ్డను ముడవడం, మళ్లీ విప్పడం ఒడ్డున కళ్లు మూసుకుని చేయగలిగాకే నీళ్లలోకి దిగండి.

అపోహ: మనిషిని గాల్లోకి ఎత్తుకుపోతుంది.

ఇది కైట్, అంటే సర్ఫింగ్‌కు వాడే పెద్ద గాలిపటం, గురించిన భయం, అర్థం చేసుకోదగ్గదే. దానికి ఇరవై మీటర్ల తాళ్లుంటాయి, దీనికి బాగా పొట్టివి. మొన్న కొత్తపట్నంలో ఒక కుర్రాడి తల్లి ఇదే అడిగింది. ఎంత చెప్పినా ఆమె ముఖం తేటపడలేదు. ఇసుక మీద బార్, అంటే తాళ్లు కట్టిన పట్టుకునే కడ్డీ, ఆమె చేతికే ఇచ్చాను. ఒక విసురు తగలగానే పట్టు బిగించకుండా చేతులు ముందుకు పోనిచ్చి, గాలితో పాటు రెండడుగులు వేసింది. నీళ్ల మీద చేయాల్సిందీ అదే: చేతులు బార్ మీద ముందుకు జరిపి, బోర్డును కాస్త గాలివాలుకు తిప్పడం. ఇది వాళ్లబ్బాయికి పది రోజులుగా చెబుతున్నాను.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"గేదె పలుపు ఇట్లాగే కదయ్యా లాగేది," అంది.