బూజు కోసం కాచుకునే తోట

అక్టోబరు చివర్లో హంగరీలోని టోకాయ్ కొండవాలు మీద ఒక ద్రాక్ష గుత్తిని చేతిలోకి తీసుకుంటే అందులో మూడు నాలుగు రకాల పళ్ళు కనిపిస్తాయి. కొన్ని పచ్చగా, నిండుగా ఉంటాయి. పక్కనే ఊదా రంగుకు తిరిగి తొక్క పలచబడినవి. ఇంకో పక్క ముడతలు పడి, పైన బూడిద చల్లినట్టున్న ఎండుపళ్ళు. బజారులో అయితే మనం పక్కకు నెట్టేసే ఈ చివరి రకంతో తీపి వైన్ చేయడం కోసమే అక్కడివాళ్ళు అప్పటిదాకా కోత ఆపి కూర్చుంటారు. వాటి పేరు అసూ.

ఆ బూడిద నిజానికి బూజు, బొట్రైటిస్ సినెరియా అనే శిలీంధ్రం. దీని వంశం తెలంగాణ ఆముదం రైతుకు బాగా తెలుసు. గెలలు వేసే వేళ ముసురు పట్టిందంటే బూజు తెగులు టెన్షన్ మొదలవుతుంది. ఆ తెగులు తెచ్చేది దీని దగ్గరి బంధువే. శనగను, గులాబీని, స్ట్రాబెర్రీని పాడుచేసేది మాత్రం సాక్షాత్తు ఇదే.

మరి టోకాయ్‌లో దీనికింత మర్యాద ఎందుకు? ఈశాన్య హంగరీలో, అగ్నిపర్వతాల మట్టి ఉన్న కొండల అంచున, బొద్రొగ్ నది వచ్చి టిసా నదిలో కలిసే చోట ఉంది ఈ ఊరు. శరత్కాలంలో పొద్దున్నే నదుల మీంచి పొగమంచు లేచి తోటల్ని కప్పేస్తుంది. బూజు మొలవడానికి ఆ తడి చాలు. అది తొక్కలోకి సన్నటి పోగులు దింపి కంటికి కనపడని కన్నాలు చేస్తుంది. మధ్యాహ్నానికి మంచు విడిపోయి ఎండ, గాలి వస్తాయి. బూజు జోరు తగ్గుతుంది, పండులోని నీరు ఆ కన్నాల్లోంచి ఆవిరైపోతుంది. తీపి, పులుపు రెండూ చిక్కబడతాయి. తడి ఆరకపోతే మాత్రం అదే బూజు పండును కుళ్ళబెట్టేస్తుంది.

బూజు పండులో ఊరికే ఉండదు. కొంత చక్కెర తినేసి గ్లిసరాల్ లాంటివి వదులుతుంది. వైన్ నాలుక మీద చిక్కగా జారడంలో దాని పాలు ఉంది. ఇలాంటి వైన్లలో దొరికే సోటొలోన్ అనే వాసన పదార్థం మన పోపులడబ్బాలోనూ ఉంది. మెంతులకు మెంతి వాసన ఇచ్చేది అదే. కొద్దిగా ఉంటే కాచిన పాకంలా, ఎక్కువైతే మెంతిపొడిలా ఉంటుంది.

అసూ పళ్ళను గుత్తులుగా కోయరు, ఒక్కొక్కటే ఏరతారు. ఒక మనిషి రోజంతా వంగి ఏరినా పది కిలోల చుట్టుపక్కలే. ఏరినవి పోసే గంపను పుట్టోన్ అంటారు, సుమారు 25 కిలోలు పడుతుంది. (మన పుట్టికి, దీనికి పేరు కలవడం కాకతాళీయమే, కొలతే అయినా!) గోంత్స్ అనే ఊరి పేరు మీద వచ్చిన 136 లీటర్ల పీపాలో ద్రాక్షరసమో వైనో తీసుకుని, అందులో ఎన్ని గంపల అసూ నానబెడితే అన్ని పుట్టోన్ల వైన్ అన్నమాట. మూడు నుంచి ఆరు దాకా లెక్క. నానాక పిండి, పులియబెట్టి, పీపాల్లో పెడతారు. ఇప్పుడు గంపలు ఎవరూ లెక్కపెట్టరు, లీటరుకు ఎన్ని గ్రాముల చక్కెర మిగిలిందో చూస్తారు. 2013 పంట నుంచి కనీసం 120 గ్రాములు ఉంటేనే అది అసూ వైన్. మూడు, నాలుగు పుట్టోన్ల రకాలు లేబుల్ మీంచి పోయాయి. నాణ్యతకు మంచిదేనేమో కానీ, నాకు ఆ గంపల లెక్కే ఇష్టం.

ఇంత తీపి వెగటు పుట్టదా? ఫుర్మింట్ అనే అక్కడి ద్రాక్షకు పులుపు ఎక్కువ, అది తీపిని మోసేస్తుంది.

అసలు వింత ఎసెన్సియా. అసూ పళ్ళను తొట్టిలో పోసి వదిలేస్తే తమ బరువుకే నలిగి కింద బొట్లు బొట్లుగా రసం కారుతుంది. మాగాయ ఊట తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఇది ద్రాక్ష ఊట. మామూలు కోలాలో లీటరుకు 100 గ్రాములకు కాస్త పైన చక్కెర ఉంటే, ఇందులో 450 గ్రాములకు తగ్గకూడదు. ఉప్పు మామిడి ముక్కలోని నీటిని లాగినట్టే, ఇంత చక్కెర ఈస్ట్ కణాల్లోని నీటిని లాగేస్తుంది. ఈస్ట్ నీరసపడి ఏళ్ళ తరబడి మెల్లగా పులియబెడుతుంది, అయినా ఆల్కహాల్ బీరంత కూడా రాకపోవచ్చు. గ్లాసుతో కాదు, చెంచాతో ఇస్తారు.

ఈ పద్ధతిని 1630ల్లో సెప్సి అనే మతబోధకుడు కనిపెట్టాడని, తురుష్కుల దాడి భయంతో కోత ఆలస్యమవడమే కారణమని కథ. 1571 నాటి పత్రంలోనే అసూ వైన్ మాట ఉంది కాబట్టి కథ నిలబడదు; అయినా చెప్పుకుంటూనే ఉంటారు. ఈ వైన్ పండే ఊళ్ళకు 1737లో రాజశాసనంతో హద్దులు గీశారు. హంగరీ జాతీయ గీతంలో కూడా దేవుడు టోకాయ్ తీగల మీద అమృతం చిలికించాడని ఒక పాదం ఉంది.

పీపాలుండే నేలమాళిగల గోడలకు నల్లటి దూదిలాంటి ఇంకో బూజు పట్టి ఉంటుంది. పీపాల్లోంచి ఆవిరయ్యే ఆల్కహాల్ దాని తిండి. దాన్నీ ఎవరూ దులపరు.