విమానం ఆగిందంటే డొక్కుదేనా? మా పని మీద కొన్ని అపోహలు

పండక్కి అమలాపురం వెళ్తే చాలు, అరుగు మీద కూర్చోబెట్టి ఇవే అడుగుతారు. విమానాల మెయింటెనెన్స్‌లో పదహారేళ్లుగా ఉన్నాను కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: చివరి నిమిషంలో ఆపేశారంటే అది డొక్కు విమానం.

కాదండీ, లోపం దొరికింది కాబట్టి ఆగింది. ఒక రాత్రి పనయ్యాక టూల్‌బాక్స్ చూసుకుంటే ఫోమ్‌లో చిన్న స్క్రూడ్రైవర్ గుంట ఒకటి ఖాళీ. అది దొరక్కుండా విమానాన్ని వదలకూడదు. గంటన్నర వెతికితే చక్రాల గూట్లో, హైడ్రాలిక్ పైపు వెనకాల ఉంది. పెట్టింది నేనే. తెల్లారి ఫ్లైట్ లేటు, జనం తిట్లు.

అపోహ: తేడా ఉంటే కంప్యూటరే చెప్పేస్తుంది.

ఇదే అసలు ప్రమాదకరమైన నమ్మకం. వేగం, ఎత్తు కంప్యూటర్‌కి తెలిసేదే బయట ఎదురుగాలిని పట్టే సన్న గొట్టం (పిటో ట్యూబు), విమానం పక్కన ఉండే చిన్న స్టాటిక్ రంధ్రాల దగ్గరి గాలి ఒత్తిడిని బట్టి. 1996 అక్టోబరులో పెరూలో ఒక బోయింగ్ 757ని కడిగేటప్పుడు ఆ స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపు తీయడం మర్చిపోయారు, ఎగిరే ముందు చీకట్లో విమానం చుట్టూ తిరిగి చూసే వాకరౌండ్‌లోనూ ఎవరికీ కనబడలేదు, లేచిన దగ్గర్నుంచీ వేగం, ఎత్తు చూపే మీటర్లు తప్పే, చివరికి సముద్రంలో పడి 70 మంది పోయారు.

మన కోనసీమలో ఇల్లు నాలుగు రోజులు మూసి వస్తే తాళం రంధ్రంలో కందిరీగ మట్టిగూడు కట్టేస్తుంది చూశారా, అలాంటివే పిటో ట్యూబులోనూ కడతాయి. అందుకే కవర్లు, వాటికి వేలాడే ఎర్ర రిబ్బన్లు. 2018లో బ్రిస్బేన్‌లో కందిరీగల భయంతో వేసిన కవర్లు తీయకుండానే ఒక ఎయిర్‌బస్ ఎగిరిపోయింది! అదృష్టం, క్షేమంగా దిగింది.

అపోహ: రెక్కకి టేపు అంటించి నడిపేస్తున్నారు.

అది స్పీడ్ టేపు, అల్యూమినియంది. మాన్యువల్ ఒప్పుకున్న చోటే వేస్తాం.

అపోహ: సీనియర్ ఒక్కసారి చూస్తే చాలు.

సీనియర్ కంటికి అలవాటైందే కనబడుతుంది. విమానాన్ని తిప్పే కంట్రోల్స్ మీద పని చేస్తే రెండో మనిషి విడిగా చూడాలన్న రూలు ఊరికే పెట్టలేదు. 2013లో లండన్ హీత్రోలో ఒక ఎయిర్‌బస్ 319 ఇంజిన్ల మీది తలుపులకి లాచీలు (గడియలు) వేయకుండా వదిలి, తర్వాత పని పూర్తి చేద్దామని వచ్చినవాళ్లు పొరపాటున పక్క విమానం దగ్గరికి వెళ్లారు. అక్కడ తలుపులు మూసే ఉన్నాయి, ఎవరో వేసేశారనుకున్నారు. టేకాఫ్‌లో రెండు ఇంజిన్ల తలుపులూ ఊడిపోయాయి. ఆ లాచీలు ఇంజిన్ అడుగున ఉంటాయి, నిలబడి చూస్తే కనబడవు.

కాబట్టి కిటికీలోంచి ఇంజిన్ కింద ఎవరో గొంతుక్కూర్చుని కనిపిస్తే టెన్షన్ పడి ఇంటికి ఫోన్ కొట్టకండి. లాచీలు చూస్తున్నాడంతే.