ఏజెంటు డీఐడీకి వాలెట్‌ను ముడిపెట్టడం: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఒక చీనీ రైతుల సంఘం బేరం మాట్లాడటానికి సాఫ్ట్‌వేర్ ఏజెంటును పెట్టుకుందనుకోండి. అది టన్ను ధర కుదుర్చుకుని, ఒప్పందం మీద తన డీఐడీ (ఏ ఒక్క సంస్థ మీదా ఆధారపడని డిజిటల్ గుర్తింపు) కీతో సంతకం చేస్తుంది. ఒప్పందం హాష్‌ను (దాని నుంచి లెక్కగట్టిన పొట్టి డిజిటల్ ముద్రను) ఇథీరియం ఖాతా, అంటే వాలెట్ నుంచి బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేస్తుంది. సంతకం చేసిన ఏజెంటు, నమోదు చేసిన ఖాతా ఒకరి చేతిలోనివేనా అన్నది కొనుగోలుదారుకు తేలాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతున్నాయి.

అపోహ: డీఐడీ డాక్యుమెంటులో (ఆ డీఐడీ కీలు, వివరాలు రాసి ఉండే ఫైలులో) వాలెట్ అడ్రస్ రాస్తే లింకు కుదిరినట్టే.

కుదరదు. ఆ డాక్యుమెంటు రాసేది డీఐడీని నడిపేవాళ్లే కాబట్టి, అందులో ఎవరి అడ్రసైనా పెట్టుకోవచ్చు. మంచి పేరున్న పాత ఖాతాను తమదని చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు. వాలెట్ ఒక్కటే సంతకం చేసినా చాలదు. దారినపోయే వాలెట్ ఏదో 'నేను ఆ సంఘం ఏజెంటుదే' అని సంతకం చేసి, తన లావాదేవీలను మీ నెత్తిన వేయొచ్చు. అందుకే ఒకే సందేశం మీద రెండు సంతకాలూ ఉండాలి.

పని ఇలా సాగుతుంది. వెరిఫైయర్ (లింకును సరిచూసే కొనుగోలుదారు సాఫ్ట్‌వేర్) ప్రతిసారీ కొత్త నాన్స్ (ఒక్కసారికే పనికొచ్చే సంఖ్య) ఇస్తుంది. ఏజెంటు తయారుచేసే సందేశంలో పూర్తి డీఐడీ, ఖాతా అడ్రస్, చెయిన్ ఐడీ (ఇథీరియం మెయిన్‌నెట్ 1, పాలిగాన్ 137, సెపోలియా అనే టెస్ట్‌నెట్ 11155111), వెరిఫైయర్ డొమైన్, లింకు ఏ పనికి, జారీ సమయం, గడువు, ఆ నాన్స్ ఉంటాయి. దానిమీద వాలెట్ ఈఐపీ-712 పద్ధతిలో (విడివిడి అంశాలున్న సందేశం మీద సంతకం చేసే ఇథీరియం ప్రమాణం) సంతకం చేస్తుంది. డీఐడీ డాక్యుమెంటులో 'అథెంటికేషన్' (ఏజెంటుగా లాగిన్ కావడానికి అనుమతి ఉన్న కీల జాబితా) కింద ఉన్న కీ కూడా అదే సందేశం మీద సంతకం చేస్తుంది. నాన్స్ లేకపోతే పాత సంతకాన్నే మళ్లీ చూపిస్తారు. డొమైన్ లేకపోతే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట చెల్లుతుంది. చెయిన్ ఐడీ వదిలేస్తే టెస్ట్‌నెట్ కోసం చేసిన సంతకం మెయిన్‌నెట్‌లో పనికొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. లింకు చూపించాలనే ఉద్దేశంతో వాలెట్‌ను 'అథెంటికేషన్' జాబితాలో చేర్చేస్తుంటారు. అలా చేస్తే ఆ వాలెట్ కీ ఉన్నవాళ్లు ఏజెంటు పేరుతో లాగిన్ కావచ్చు. చెయిన్‌లో నమోదుకు మాత్రమే వాడే ఖాతాకు అంత అధికారం ఇవ్వకండి. దాని పీకేహెచ్ డీఐడీని (ఖాతా అడ్రస్‌తోనే తయారయ్యే డీఐడీని) డాక్యుమెంటులో ఇతర గుర్తింపులు రాసే 'ఆల్సో నోన్ యాజ్'లో రాసి, రెండు సంతకాల రుజువును విడిగా అందుబాటులో ఉంచండి. పీకేహెచ్ డాక్యుమెంటు అడ్రస్ నుంచి అప్పటికప్పుడు పుట్టేది, అందులో మనం ఏమీ చేర్చలేం. వాలెట్ వైపు ఒప్పుకోలు సంతకంగానే రావాలి.

అపోహ: డీఐడీ కావాలంటే బ్లాక్‌చెయిన్ తప్పదు.

2022 జులై 19న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫారసుగా వెలువడిన డీఐడీ ప్రమాణంలో అలాంటి నిబంధన లేదు. డీఐడీ తయారుచేసే పద్ధతుల్లో కీ పద్ధతికీ (did:key) వెబ్ పద్ధతికీ (did:web) చెయిన్‌తో పనే లేదు. అయితే కీ పద్ధతిలో కీ మార్చడం కుదరదు, మారిస్తే డీఐడీయే మారిపోతుంది. వెబ్ పద్ధతి మీ డొమైన్ మీద ఆధారపడుతుంది. రెన్యువల్ మరిచిపోతే ఆ డొమైన్ కొన్నవాళ్లదే మీ ఏజెంటు గుర్తింపు.

అపోహ: సంతకం నుంచి అడ్రస్ రికవర్ అయి సరిపోలితే చాలు.

మామూలు ఖాతాకు అది సరిపోతుంది. ఆ అడ్రస్, పబ్లిక్ కీ కెక్కాక్-256 హాష్‌లోని చివరి 20 బైట్లు. మల్టీసిగ్ (పలువురి సంతకాలు కావాల్సినది) లాంటి, చెయిన్ మీది ప్రోగ్రామే ఖాతాగా ఉండే కాంట్రాక్టు వాలెట్‌కు ప్రైవేట్ కీయే ఉండదు. దానికి ఈఆర్‌సీ-1271 అనే ఇథీరియం ప్రమాణం ప్రకారం, సంతకం చెల్లుతుందా అని ఆ కాంట్రాక్టునే అడగాలి. దాని ఓనర్లు మారితే నిన్న చెల్లిన సంతకం ఈరోజు చెల్లకపోవచ్చు, కాబట్టి వాడిన ప్రతిసారీ సరిచూడాలి. మామూలు ఖాతా సంతకానిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గడువు రాయకపోతే అది ఎన్నటికీ చెల్లుతూనే ఉంటుంది.

అపోహ: ఫోన్ నంబరు హాష్ చేసి చెయిన్‌లో పెడితే ఎవరికీ తెలియదు.

పది అంకెల నంబర్లన్నీ కలిపినా 1000 కోట్లే. మామూలు గ్రాఫిక్స్ కార్డుతో అన్నిటికీ హాష్ కట్టి పోల్చడం నిమిషాల పని. ఆధార్ అంకెలకూ ఇదే గతి. చెయిన్‌లో ఒకసారి పడింది చెరపలేం. 2023 వ్యక్తిగత డేటా చట్టమేమో తొలగించమని అడిగే హక్కు రైతుకిచ్చింది. వ్యక్తిగత వివరాలేవీ చెయిన్ మీదికి రానివ్వకండి.

అపోహ: లింకు రుజువైతే ఏజెంటును నమ్మొచ్చు.

రెండు కీలూ ఒకరి అదుపులో ఉన్నాయని మాత్రమే తేలింది. ఆ ఏజెంటు సంఘం తరఫున మాట్లాడుతోందా, ఎంత సరుకు వరకు ఒప్పుకోవచ్చు అన్నవి సంఘం తన డీఐడీతో జారీచేసే వెరిఫయబుల్ క్రెడెన్షియల్‌లో (సంతకంతో సరిచూడదగ్గ డిజిటల్ ధ్రువపత్రంలో) ఉండాలి. ఏజెంటు కీ సర్వర్లో ఉంటుంది, లీకయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే క్రెడెన్షియల్‌లో పరిమితి, తక్కువ గడువు రెండూ పెట్టాలి.

కీ లీకైతే ముందు క్రెడెన్షియల్‌ను రద్దు జాబితాలో చేర్చండి. తర్వాత డీఐడీ డాక్యుమెంటులో కీ మార్చి, పాత లింకు రుజువు తీసేయండి. ఆ తర్వాత కొత్త ఖాతాతో రెండు సంతకాలూ మళ్లీ చేయించండి. వెరిఫైయర్లు డాక్యుమెంటును కాషే చేసుకుంటాయి (కాపీ దాచుకుని కొంతసేపు దాన్నే వాడతాయి) కాబట్టి కాషే గడువు ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. గంట పెట్టుకున్న వెరిఫైయర్, మీరు కీ మార్చాక కూడా గంటదాకా పాత కీనే నమ్మే ప్రమాదం ఉంది.